ఓడినను విడువని అభిమానము

ధ్యానభాగము: హెబ్రీయులకు 13:7-8



ఆటలాడు ఒక జట్టును చిన్ననాడే తమదిగా ఎంచుకొని, తల నెరసినను దానిని విడువని అభిమానులు లోకములో కలరు. జట్టు గెలిచిన దినమున వారికి పండుగ; ఓడిన దినమున అన్నము సహింపదు. ఆ జట్టువలన వారికి జీతము రాదు, సెంటు భూమియు రాదు. అయినను వారు దానిని విడువరు. ఈ లోకాభిమానమునుండి విశ్వాసి నేర్చుకొనదగిన దేమైన కలదా అని ఈ నెల ఆలోచింతము.

మన తెలుగుదేశములో అట్టి అభిమానమును పొందిన జట్టు హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు. దాని కోచ్, అనగా ఆట నేర్పు గురువు, సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన వృత్తిచేత బడిపంతులు. ఆయన చేతిక్రింద ఆ జట్టు బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 ఏండ్లు గెలిచెను. భారతదేశపు జట్టునకు కూడ ఆయన గురువై, 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చిపెట్టెను.

అయితే మరుసటి యేడే, 1952లో, హెల్సింకి ఒలింపిక్ పోటీలలో మనవారు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్ తేడాతో ఓడిరి. చలిదేశములో మన ఆటగాండ్రు పలువురు బూట్లు లేక వట్టి కాళ్లతో ఆడిరి. ఆ దినమున అందరును జట్టును విడిచిపోయి యుండినయెడల ఏమగును? విడువలేదు గనుకనే 1956లో మెల్బోర్నులో అదే భారత జట్టు నాలుగవ స్థానమునకు చేరెను. 1962లో జకార్తాలో మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినను, సెప్టెంబరు 4న చివరి ఆటలో ఆ కొరియావారినే 2-1తో గెలిచి మరల బంగారు పతకము తెచ్చిరి. అప్పటికే రహీం గారు రోగపీడితులు. 1963 జూన్ 11న కన్నుమూసిరి. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ బంగారు పతకము మన దేశమునకు మరల దొరకలేదు. అయినను ఆ కాలపు ఆట నెరిగిన హైదరాబాదు వృద్ధులు రహీం సాబు పేరును, ఆ జట్టు పేరును ప్రేమతోనే తలంచుదురు.

సంఘమా, ఇప్పుడు మన సంగతి చూచుకొందము.

మొదటిది, ఓటమి దినము. వానలు కురిసి, నల్లరేగడిలో శనగ బాగుగా పండిన యేడు గుడి నిండును, కానుక సంచి బరువెక్కును. వాన మొగము చాటువేసిన యేడు కొన్ని కుటుంబములు ఆదివారమును మరచును. "ప్రార్థించితిమి, ఏమి ఒరిగెను?" అని అడుగుదురు. యోహాను సువార్త 6వ అధ్యాయము చివర చూడుడి. రొట్టెలు తిన్ననాడు వేలమంది ప్రభువు వెంటనుండిరి. మాట కఠినముగా తోచిననాడు అనేకులు వెనుకకు తిరిగిరి. పేతురు మాత్రము తనకు పోవుటకు వేరొక చోటు లేదని ఒప్పుకొనెను. తోలు బంతి వెంట పరుగెత్తు జట్టునకే ఓటమినాడు నిలుచువారుండగా, మనకొరకు రక్తము కార్చిన ప్రభువునొద్ద ఒక కరవు యేడు నిలువలేమా?

రెండవది, గురువు మారిన దినము. ప్రతి సంఘములోను వినబడు మాట ఒకటి కలదు: "పాత అయ్యగారున్నప్పుడు గుడికి పోతిమి. ఆయన బదిలీ అయిపోయె. ఈ కొత్త అయ్యగారి ప్రసంగము మాకు పట్టదు." నేనును ఒకనాడు బదిలీ అయి పోవువాడనే. నన్నుబట్టి మీరు గుడికి వచ్చుచున్నయెడల, నేను పోయిననాడు మీ భక్తియు నా పెట్టెతోకూడ బండి యెక్కును. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని చీలిన కొరింథీయులను అపొస్తలుడు గద్దించెను. హెబ్రీ పత్రిక రచయిత, వాక్యము బోధించిన పెద్దలను జ్ఞాపకముంచుకొనుడని చెప్పి, వెంటనే క్రీస్తు మారనివాడని ఎందుకు చెప్పెను? బోధకులు మారుదురు గనుకనే. పాత గురువును ప్రేమించుట తప్పుకాదు. ఆయన చూపిన ప్రభువును ఆయనతో పంపివేయుటయే తప్పు.

మన గండికోటను చూడుడి. పెమ్మసానివారు ఏలిరి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను, వారందరును గతించిరి. మన కాలములోనే గండికోట రిజర్వాయరు నీటిక్రింద ఊళ్లు మునిగి, కుటుంబములు క్రొత్త చోట్లకు పోవలసివచ్చెను. ఇల్లు పోవచ్చును, వీధి పోవచ్చును, పొరుగువారు చెదరవచ్చును. క్రొత్త కాలనీలో అయిదు కుటుంబములు కూడి మోకరించినచోట అదే ప్రభువు ఉన్నాడు.

ఒక్క భేదము మరువకుడి. ఆట అభిమాని గట్టున కూర్చుండి కేకలు వేయును. ఓడినను గెలిచినను అతని కాళ్లకు దుమ్మంటదు. క్రీస్తు మనలను చూచుటకు పిలువలేదు, దిగి పరుగెత్తుటకు పిలిచెను. కాబట్టి ఈ నెల ప్రతి కుటుంబము ఒక పని చేయవలెను. గుడికి రాక మానిన యింటి నొకదానిని వెదకి, తప్పు ఎంచక, వారితో కూర్చుండి ప్రార్థించి, వచ్చు ఆదివారము తోడుకొని రండి.

ప్రార్థన: మారని ప్రభువా, పంట పండినను ఎండినను, అయ్యగార్లు వచ్చినను పోయినను, మేము నీవారమై నిలుచునట్లు కృప దయచేయుము. ఆమేన్.