డ్రిల్లు మాస్టారి కన్ను

బడిలో పిల్లవాణ్ణి నిలువెత్తు మనిషిగా చూసేది ఒక్క డ్రిల్లు మాస్టారే. లెక్కల మాస్టారికి వాడి బుర్ర కావాలి, తెలుగు మాస్టారికి చేతిరాత కావాలి. తక్కిన ఒళ్లంతా బెంచీ వెనక ఉండిపోతుంది. గ్రౌండులోకి దిగాకే ఎవరు ఒక్క రౌండుకే నోటితో ఊపిరి తీస్తున్నారో, ఎవరి మోకాళ్లు రాసుకుంటున్నాయో, ఎవరి చెప్పు తెగి వారమైనా ఇంట్లో పట్టించుకునే నాథుడు లేడో బయటపడుతుంది. పిల్లల ఆరోగ్యం అనగానే మనకు డాక్టరు గుర్తొస్తాడు. డాక్టరు దగ్గరికి జబ్బు చేశాక వెళతారు. జబ్బు చేయకముందే ఆ ఒంటిని రోజూ చూసే మనిషి బడిలోనే ఉన్నాడన్న సంగతి ఎవరికీ తోచదు.

మాది కృష్ణ ఒడ్డున కొల్లూరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు గుంటూరు నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చాం. మా చుట్టూ పోతార్లంక, పెసర్లంక లాంటి లంక ఊళ్లు. అరటి, పసుపు, కంద వాళ్ల బతుకుతెరువు. అక్కడి పాత తరానికి వ్యాయామం అంటూ విడిగా ఒకటి ఉండేది కాదు. అరటి గెల భుజాన వేసుకుని గట్టెక్కేవాళ్లు, పసుపు తవ్వేవాళ్లు, బడికి నడిచిపోయేవాళ్లు. ఆ రోజుల్ని పొగడటం నా ఉద్దేశం కాదు. ఆ చాకిరీతో నలభై ఏళ్లకే నడుం పడిపోయిన వాళ్లను చూశాను. మనవలకు ఆ కష్టం తప్పినందుకు సంతోషమే. కానీ కష్టంతోపాటు కదలికా పోయింది. పొద్దున్నే ఆటోనో స్కూలు బస్సో గుమ్మం ముందుకొస్తుంది. సాయంత్రం ట్యూషన్, రాత్రి సెల్‌ఫోన్. పొలం పెట్టిన పని ఇప్పుడు బడి పెట్టాలి. ఆ బాధ్యతంతా ఈల మెడలో వేసుకున్న ఒక్క మనిషి మీద పడింది.

అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా వయసున్న పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని 2019లో ఆ సంస్థ పరిశోధకులే ప్రపంచవ్యాప్తంగా లెక్క తేల్చారు. మన దేశంలో దాదాపు నలుగురిలో ముగ్గురిది ఇదే పరిస్థితి. ఎముక గట్టిపడేది ఈ వయసులోనే, అదీ గెంతినప్పుడు, దూకినప్పుడు. ఈ ఈడు దాటాక ఎన్ని పాలు తాగించినా ఆ లోటు పూర్తిగా పూడదు. పనిచేసే కండరం రక్తంలో చక్కెరను లాక్కుంటుంది, కూర్చున్న కండరం వదిలేస్తుంది. పూటపూటా తెల్లన్నం తిని, పెద్దవాళ్లు షుగరు బిళ్లలు మింగే మా డెల్టా ఇళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి చట్టం ఏమంటోంది? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట సామగ్రి ఇవ్వాలంది. ఆడించే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిసినారితనం చూపింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితేనే వ్యాయామ బోధకుడు, అదీ పార్ట్‌టైం. వందకు తక్కువైన బడి గతి ఏమిటి? ఒకటి నుంచి ఐదో తరగతి దాకా, ఒంటికి అలవాట్లు పడే ఈడులో, పిల్లల్ని ఎవరు పరిగెత్తిస్తారు? మాస్టారు ఉన్నచోట కూడా పదో తరగతి వచ్చేసరికి గేమ్స్ పీరియడ్ ఆవిరైపోతుంది. దాన్ని లెక్కలకో సైన్సుకో ఇచ్చేస్తారు. తల్లిదండ్రులూ కాదనరు. మార్కుల ముందు ఒంటి మాట ఎత్తడానికి మనకే మొహమాటం.

ఒక బడి గ్రౌండులో ఆడపిల్లలు ఖోఖో ఆడుతుంటే గోడ పక్కన వేపచెట్టు కింద నిలబడి చూస్తున్నాను. ‘ఖో’ అని వీపు మీద తట్టగానే లేచిన ఒక పిల్ల నాలుగడుగులు పరిగెత్తి స్తంభం పట్టుకుని ఆగిపోయింది. తోటివాళ్లు నవ్వారు. వ్యాయామ టీచర్ నవ్వలేదు. ఆట సాగనిచ్చి, ఆ పిల్లను పక్కకు పిలిచింది.

“పొద్దున ఏం తిన్నావమ్మా?”

“ఏం తినలేదు మేడం.”

కింది కనురెప్ప లాగి చూసింది. పాలిపోయి ఉంది. “రేపు మీ అమ్మను ఒకసారి రమ్మను. ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోమని చెబుతాను” అని, ఆ పూటకు ఆ పిల్ల చేతికి స్కోరు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టింది. ఇంటికి పంపేయలేదు, ఆటలోంచి తీసేయలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనతే. వారానికొక ఐరన్ మాత్ర బడిలోనే ఇస్తారు. ఆ మాత్ర ఎవరు మింగుతున్నారో, ఎవరు కిటికీలోంచి పారేస్తున్నారో, మింగినా ఎవరికి పనిచేయడం లేదో రిజిస్టరు చెప్పదు. గ్రౌండు చెబుతుంది. అందుకే, పిల్ల పెద్దమనిషి అయింది కదా ఇంకా ఆటలేమిటి అని మనం ఆపేసినప్పుడు, ఆట ఒక్కటే పోదు. ఆ పిల్లను గమనించే కన్ను కూడా పోతుంది.

మనం డ్రిల్లు మాస్టార్లను తలుచుకునే తీరే వేరు. కోడి రామమూర్తి నాయుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పాడు. మనకు మాత్రం ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న రామమూర్తే గుర్తు. హైదరాబాదులో బడిపంతులుగా ఉంటూ వ్యాయామ విద్యలో డిప్లొమా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపించాడు. గొప్పవాళ్లే. కానీ ఆ కొలబద్దతో చూస్తే మా ఊరి మాస్టార్లందరూ ఓడిపోయినట్టే. కప్పు తెచ్చే కుర్రాడికి ఈయన కాకపోతే ఇంకో కోచ్ దొరుకుతాడు. వరుస చివర నిలబడ్డ బొద్దు పిల్లవాడికి ఈయన తప్ప దిక్కులేదు. వాడు ఏ పోటీలోనూ గెలవడు. యాభయ్యో ఏట గుండె బాగుంటే అదే వాడి గెలుపు.

ఆ పిల్లవాడికి మేలు ఎంత చేయగలరో కీడూ అంతే చేయగలరు మాస్టార్లు. నలుగురిలో ఎగతాళి పేరు పెట్టి పిలిచి తోటివాళ్లను నవ్విస్తే వాడు జన్మలో గ్రౌండు తొక్కడు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి నాలుగు రౌండ్లు కొట్టమనడం మన బడుల్లో మామూలు శిక్ష. అబద్ధమాడినవాడికి అన్నం పెట్టి శిక్షించినట్టుంది ఇది. పరుగు శిక్ష అని పదేళ్లప్పుడు నేర్చుకున్న ఒళ్లు నలభై ఏళ్లకు వాకింగుకు వెళ్లమంటే ఎందుకు వెళుతుంది?

మా వైపు ఇంకో అవసరం కూడా ఉంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, మా లంకలు మునిగాయి. నది పక్కన పుట్టి ఈత రాని పిల్లలు ఇవాళ ఇంటింటా ఉన్నారు. పెద్దవాళ్ల కాపలాలో, లోతు తెలిసిన చోట, ఈత కూడా వ్యాయామ పాఠం కావాలి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ముఖ్యమంత్రి మా జిల్లాలోనే, బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వచ్చారు. ఈసారి అలాంటి సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కాగితం తీసుకుని అక్కడితో ఆగకండి. గ్రౌండు మూల నిలబడి ఉండే డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్లండి. “మా వాడు తోటివాళ్లతో సమంగా పరిగెత్తుతున్నాడా మాస్టారూ?” అని అడగండి. ఆయన చెప్పేది విని, పదో తరగతిలో కూడా ఆయన పీరియడ్ ఆయనకే ఉంచమని హెడ్మాస్టరును కోరండి.