అంతస్తులు

తెలుగులో 'అంతస్తు' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. మేడలో ఒక వరస గదుల పైన లేచిన మరో వరస అంతస్తు. సంఘంలో మనిషికుండే స్థాయి గూడా అంతస్తే. "వాళ్ళ అంతస్తేమిటి, మన అంతస్తేమిటి" అని పెళ్ళి సంబంధాల దగ్గర అనుకునే మాటలో మేడ కనిపించదు గాని, మెట్లు కనిపిస్తాయి. హైదరాబాదుకు పడమట కోకాపేట, నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ ప్రాంతాల్లో 50 అంతస్తులు దాటిన నివాస భవనాలు లేస్తున్న ఈ రోజుల్లో ఆ మాటలోని రెండర్థాలను పక్కపక్కన పెట్టి చూడటం అవసరమని నాకు తోస్తున్నది.

ఎత్తైన భవనం కట్టటంలో నైతిక ప్రశ్న ఏముంటుంది? అది ఉక్కుకూ కాంక్రీటుకూ సంబంధించిన లెక్క గదా అని ఇంజనీరు అంటాడు. అది గిరాకీకీ సరఫరాకీ సంబంధించిన లెక్క అని వ్యాపారి అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పటం లేదు. కాని ఇద్దరి లెక్కలూ కలిపి చూసినా ఒక సంగతి మిగిలిపోతుంది: ఆ ఎత్తు ఎవరిచ్చారు, ఎవరు మోశారు, ఎవరు అనుభవిస్తున్నారు?

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనుక ముందు మా ఇంటి పద్దు చెప్పి తరువాత ఊరి పద్దుకు వస్తాను. మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలున్నాయి. వాటిలో పురవర్ణన ఒకటి. పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురాన్ని వర్ణిస్తూ, కోట గోడలు ఆకాశాన్ని ముద్దాడుతున్నాయనీ, సౌధాల సున్నపు తెలుపు తగిలి చంద్రుడిలోని లేడి గూడా తెల్లబడిందనీ చెప్పాడు. అద్భుతమైన ఊహ, నేను ఏటా తరగతిలో సంతోషంగానే చెబుతాను. 'సుధ' అంటే సున్నం. సున్నం పూసినది గనుక సౌధం. అంటే ఆ మాటే ఒక పనివాడి చేతిలోనుంచి పుట్టింది. కాని ప్రబంధంలో ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, నాలుగు వర్ణాలవారూ వున్నారు, వేశ్యావాటికలున్నాయి, పూలమ్మే పడుచులున్నారు. సున్నం కొట్టినవాడు లేడు. మాటలో మిగిలి, వర్ణనలో మాయమైనాడు.

ఇవాళ స్థిరాస్తి వ్యాపారులు అచ్చువేసే రంగుల పుస్తకాలు చూస్తే నాకు పురవర్ణన ప్రక్రియ చచ్చిపోలేదనిపిస్తుంది. మబ్బుల్లో ఈతకొలను, గండిపేట చెరువు కనిపించే వసారా, ఆకాశంలో తోట. అలంకారం అతిశయోక్తే, పోషకుడు మాత్రం మారాడు. శ్రీశ్రీ తాజమహలును గురించి అడిగిన ప్రశ్న మనవాళ్ళందరికీ కంఠస్థమే. కంఠస్థం కావటం వల్లనే దాని పదును కొంత పోయిందని నా అభిప్రాయం. కట్టిందెవరని అడిగి చప్పట్లు కొట్టించుకుంటున్నాము. కట్టినవాడు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడని అడగటం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వుంది. దాన్ని తేలికగా తోసివెయ్యకూడదు. "మాస్టారూ, మీరు ఎత్తును చూసి భయపడుతున్నారు. అందరూ పెంకుటిళ్ళలో వుంటే ఊరు వరంగల్లు దాకా పాకుతుంది గదా" అని ఒక విద్యార్థి అన్నాడు. నిజమే. మన అభ్యుదయవాదుల్లో గూడా కొందరికి వేపచెట్టూ అరుగూ వున్న ఇల్లే ధర్మమనీ, మేడలన్నీ అధర్మమనీ ఒక తీపి దిగులు వుంటుంది. పల్లె అరుగు మీద ఎవరు కూర్చోగలిగేవారో, ఎవరు కింద నిలబడేవారో మరచిపోయినవాళ్ళకే ఆ దిగులు సాధ్యం. ఎత్తు పాపం కాదు. సింగపూరులో 1960లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ, అతి కొద్ది నేల మీద, ఎత్తైన భవనాల్లోనే దేశంలో అత్యధిక ప్రజానీకానికి ఇళ్ళు కట్టింది. ఆ ప్రభుత్వం మనకు రాజకీయ ఆదర్శం కాదు. కాని సంగతి సంగతే. వియన్నాలో సోషలిస్టు పురపాలకులు 1927–30ల మధ్య కట్టిన కార్ల్ మార్క్స్ హోఫ్ పొడుగు కిలోమీటరు దాటుతుంది. అందులో 1,382 ఇళ్ళు, వాటితో పాటు బట్టలుతికే శాలలు, పిల్లల బడులు, గ్రంథాలయం వుండేవి. నగరంలో కిక్కిరిసి బతకటానికీ గౌరవంగా బతకటానికీ వైరుధ్యం లేదని ఆ గోడలు రుజువు చేశాయి.

మరోవైపు మన ఇంటి దీపమని ముద్దు పెట్టుకోనక్కరలేదు. మాస్కోలో 1947 నుంచి పదేళ్ళపాటు లేచిన ఏడు ఎత్తైన భవనాలు ప్రతిష్ఠకోసం కట్టినవే. వాటిలో ఒకటైన విశ్వవిద్యాలయ భవనం 1953లో పూర్తయింది. దాని నిర్మాణంలో ఖైదీల చేత చాకిరీ చేయించారు. ఆ తరువాత కృశ్చేవ్ కాలంలో అలంకారాల దుబారాను ఖండించి, అయిదంతస్తుల సాదా ఇళ్ళు వేలాదిగా కట్టారు. అందం లేదని వాటిని వెక్కిరించినవాళ్ళున్నారు. ఉమ్మడి వంటిళ్ళ నుంచి బయటపడి సొంత తలుపు వేసుకున్న కుటుంబాలు వెక్కిరించలేదు. కనుక ఎత్తు ఎంత అన్నది కాదు, ఎవరి అవసరం మీద లేచిందన్నది చూడాలి.

ఎత్తుకు విలువ గూడా ఎప్పుడూ ఒకేలా లేదు. లిఫ్టు రాకముందు ఐరోపా నగరాల్లో పై అంతస్తు పేదవాడిది. పారిస్‌లో కప్పు కింది చిన్న గదుల్లో పనిమనుషులుండేవారు. దొరలు కిందనో, మొదటి మెట్ల వరస దగ్గరనో వుండేవారు. తాడు తెగినా పడిపోని లిఫ్టును ఓటిస్ 1854లో న్యూయార్కు ప్రదర్శనలో చూపించాడు. 1885లో షికాగోలో లోహపు చట్రం మీద 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం లేచింది. (మన సైబర్ టవర్స్ గూడా పదంతస్తులదే, 1998లో దాన్ని ప్రారంభించినప్పుడు అదే మహా ఎత్తని చూడటానికి జనం వెళ్ళారు.) యంత్రం వచ్చింది, మేడ తలకిందులైంది. గాలీ వెలుతురూ చూపూ దొరికే పై భాగం డబ్బున్నవాడిదైంది. శాస్త్రం మెట్లెక్కే శ్రమను తీసివేసింది గాని, మెట్లు పోలేదు.

ఇక ఎత్తు ఎవరిచ్చారన్న ప్రశ్నకు వస్తాను. న్యూయార్కులో 1915లో ఈక్విటబుల్ భవనం తన చుట్టూ వీధులకు వెలుగు లేకుండా చేసింది. మరుసటి ఏడే, అంటే 1916లో, ఆ నగరం ఒక చట్టం చేసింది: పైకి పోయేకొద్దీ భవనం వెనక్కు తగ్గాలి. పెట్టుబడిదారీ విధానానికి రాజధాని వంటి నగరమే, సూర్యకాంతి మీద దారిన పోయేవాడికి హక్కుందని ఒప్పుకున్నది. మన దగ్గర నడక వేరుగా సాగింది. స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్లు అంతస్తుల విస్తీర్ణం వుండవచ్చునో చెప్పే లెక్కను ఎఫ్.ఎస్.ఐ. అంటారు. హైదరాబాదులో 2006లో వచ్చిన 86వ నంబరు జీ.వో. ఆ పరిమితిని తీసివేసింది. 2012 నియమాలు అదే దారిన నడిచాయి. దాని స్థానంలో ఏం వచ్చింది? ముందున్న రోడ్డు వెడల్పూ, చుట్టూ వదలవలసిన ఖాళీ స్థలమూ.

పాఠకులు ఇది జాగ్రత్తగా గమనించాలి. రోడ్డు ఎంత వెడల్పో భవనం అంత ఎత్తు పోవచ్చును. రోడ్డు ఎవరిది? ప్రజలది. దానికింద పోయే మురుగు కాలువ, దానివెంట వచ్చే కరెంటు, వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి తోడి తెచ్చే కృష్ణా గోదావరి జలాలు, ఇవన్నీ ప్రజల డబ్బుతో వచ్చినవే. అంటే ఇరవయ్యో అంతస్తు పైన వున్న ప్రతి గదికీ పునాది కంపెనీ స్థలంలో లేదు, ప్రజల రోడ్డులో వుంది. ఇందుకు రుసుము తీసుకుంటున్నాము గదా అని ప్రభుత్వం అంటుంది. తీసుకుంటున్నమాట నిజమే. రుసుము ఒకసారి కడతారు; పెరిగిన విలువను ఏటేటా తింటారు. హెన్రీ జార్జి మార్క్సిస్టు కాడు. ఐనా సంఘం మొత్తం కష్టపడి పెంచిన నేల విలువ ఒక్క యజమాని జేబులోకి పోవటం అన్యాయమని 1879లోనే పుస్తకం రాశాడు. మనకు ఆ పాటి సంస్కరణవాదం గూడా విప్లవంలాగా కనిపించే రోజులు వచ్చాయి.

కోకాపేటలో నేల గూడా ప్రైవేటుది కాదు. ప్రభుత్వ సంస్థే చదును చేసి వేలం వేసింది. 2021లో 49.94 ఎకరాలు అమ్మితే 2,000 కోట్లు వచ్చాయి. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకు 3,319 కోట్లు పైన వచ్చాయి. ఎకరా కనీస ధర 35 కోట్లని పెడితే, ఒక స్థలం 100.75 కోట్లు పలికింది. 2025 వేలాల్లో ఆ ధర గూడా దాటిపోయింది. నేను లెక్కల మాస్టర్ని కాను గాని ఇది గజాల్లోకి మార్చి చూశాను. ఎకరాకు 4,840 గజాలు. ఆ 2023 ధర చొప్పున గజం రెండు లక్షల ఎనిమిది వేలు. హాస్టలులో మా కుర్రవాడు పడుకునే ఆరడుగుల మంచానికి రెండు గజాలు కావాలి. మంచం కింది నేల ఖరీదు నాలుగు లక్షల పదహారు వేలు. మంచం వేరే కొనుక్కోవాలి.

అంత ధర పెట్టినవాడు అయిదంతస్తులు కట్టి గుమాస్తాలకూ, నర్సులకూ, ఆటో నడిపేవాళ్ళకూ ఇళ్ళు ఇవ్వలేడు. ఆకాశంలోకి పోక తప్పదు, ఆకాశం ధర కట్టగలిగినవాణ్ణి వెతుక్కోక తప్పదు. కాబట్టి ఆ భవనం ఆకారాన్ని నిర్ణయించింది వాస్తుశిల్పి కాదు, వేలంపాట. శిల్పికి మిగిలింది పై తొడుగు. ఆ తొడుగు గూడా ఎక్కడిదో అరువు: దక్కను ఎండకు పడమటి ముఖాన అద్దాల గోడ పెట్టి, లోపల చల్లదనానికి యంత్రాలు తిప్పి, ఆ వేడిని వీధిలోకి వదలటం. బస్సు కోసం నిలబడ్డవాడు ఆ అందానికి పన్ను కడుతున్నాడు, చెమట రూపంలో.

వేలం డబ్బు ప్రజాసంక్షేమానికే గదా అనే వాదం వుంది. పింఛను తీసుకునే ముసలమ్మ చేతిలో ఆ డబ్బు పడటం నాకూ ఇష్టమే. కాని నేల ఒకసారే అమ్ముడుపోతుంది, ముసలితనం ఏటా వస్తుంది. అంతకన్న ముఖ్యం, ధర పెరిగితే లాభపడే స్థితిలో ప్రభుత్వం తానే కూర్చున్నది. నేల ధరల పిచ్చిని అదుపు చెయ్యవలసినవాడే ఆ పందెంలో వాటాదారైతే కంచే చేను మేసినట్లే.

ఎవరు మోశారన్నది మిగిలింది. ఒకప్పుడు దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీలుండేవారు. గుంపుమేస్త్రీ ముందు కొంత అప్పిచ్చి ఊళ్ళకు ఊళ్ళే తోలుకుపోయేవాడు. ఇప్పుడు ఈ మేడల పరంజాల మీద ఒడిశా, బీహారు, జార్ఖండు, బెంగాలు నుంచి వచ్చినవారే ఎక్కువగా కనిపిస్తారు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసి కూలీల సంక్షేమానికి వాడాలని 1996లో చట్టాలు వచ్చాయి. కాని కార్మికుడు పేరు నమోదు చేయించుకోవాలి. ఆరునెలలకొక చోటు మారేవాడు ఏ చిరునామా మీద నమోదౌతాడు? 2020 మార్చిలో దేశం మూతపడ్డప్పుడు ఈ సంగతి అందరికీ కనిపించింది. మే 1న, కార్మిక దినాన, వలస కూలీలను ఇళ్ళకు చేర్చే మొట్టమొదటి ప్రత్యేక రైలు కదిలింది ఎక్కడినుంచో గుర్తుందా? ఈ మేడలకు కూతవేటు దూరంలోని లింగంపల్లి నుంచి. 1,200 మంది దానిలో జార్ఖండు పోయారు. పని ఆగిన మరుక్షణం వాళ్ళకు ఈ నగరంలో చోటు లేదు. వాళ్ళు కట్టిన గదుల్లో చాలా వాటికి తాళాలు పడివున్నాయి.

నివాస సమస్యను గురించి 1872లో ఏంగెల్సు రాసిన వ్యాసాల్లో ఒక ముఖ్యమైన వాదం, బూర్జువావర్గం ఆ సమస్యను పరిష్కరించదు, ఒకచోట నుంచి మరొకచోటికి జరుపుతుందని. నేను విద్యార్థిగా చదివినప్పుడు అది సిద్ధాంతం. ఇప్పుడు కళ్ళతో చూడవచ్చు: మేడ పూర్తికాగానే దాని పక్కన వున్న రేకుల గదులు విప్పి, లారీల మీద వేసి, తరువాతి పునాది గొయ్యి పక్కన మళ్ళీ బిగిస్తారు.

ఇదంతా అనివార్యమనే మాట నేను ఒప్పుకోను. 1908 మూసీ వరదల తరువాత ఇదే నగరంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. అది ఇరుకు బస్తీలను తొలగించింది, అందులో బాధలు లేకపోలేదు. కాని దానితో పాటు తక్కువ ఆదాయాలవాళ్ళకు ఇళ్ళు గూడా కట్టించింది. అది నిజాం పాలన, భూస్వామ్య ప్రభుత్వం. ప్రజాస్వామ్యం పేర నడిచే పాలన అంతకన్న తక్కువ చెయ్యటానికి వీల్లేదు గదా! వేలం షరతుల్లో రోడ్డు వెడల్పూ, స్థలం కొలతా, కట్టవలసిన గడువూ రాయగలిగినవాళ్ళు, ప్రతి భవనంలో ఇన్ని అంతస్తులు సామాన్య జీతగాళ్ళకు ఇంత అద్దెకు ఇవ్వాలని గూడా రాయగలరు. మన అధ్యాపక సంఘాలూ విద్యార్థి సంఘాలూ ఫీజుల మీద ఎంత పట్టుగా పోరాడతాయో ఈ ఒక్క షరతు మీద అంత పట్టుగా పోరాడాలి. హాస్టలు విడిచిన రోజున ఆ కుర్రవాడికి కావలసింది గదే.

చివరగా లిఫ్టు దగ్గరికే మళ్ళీ పోవాలి. ఈ మేడల్లో కొన్నిటిలో పనిమనుషులు వేరే లిఫ్టులో రావాలన్న నియమం వుంది. సామాన్లూ, చెత్తబుట్టలూ, వంటమనిషీ ఒక దానిలో. యజమానులు మరొక దానిలో. అక్కడ నివాసముండే ఒక పరిచయస్థుణ్ణి దీనిని గురించి అడిగాను. చదువుకున్నవాడు, కులం పాటించనని గట్టిగా చెప్పేవాడు. "అది శుభ్రత కోసం పెట్టిన నియమమండీ, ఇంకేమీ లేదు" అన్నాడు. ఊళ్ళో చెరువు దగ్గర వేరే రేవు పెట్టినప్పుడు గూడా శుభ్రత కోసమనే చెప్పారు గదా అని నేనన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. రెండూ ఒకటి కావని చాలాసేపు వాదించాడు. తేడా ఏమిటో నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. ఇక్కడ జీతమిస్తున్నామన్నాడు.