విశ్వజిత్తులో ఇవ్వకూడని భూమి

విశ్వజిత్ యాగం చేసేవాడు తనకున్నదంతా దక్షిణగా ఇచ్చేయాలి. మరి ఆ యాగం చేసేవాడు రాజే అయితే, రాజ్యంలోని భూమినంతా దానం ఇచ్చేయవచ్చా? జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న వస్తుంది. ఇవ్వకూడదన్నది సిద్ధాంతం. భూమి అందరికీ ఒకేలా చెందినది కాబట్టి. శబరస్వామి భాష్యం దీన్ని ఇంకాస్త విడదీసి చెబుతుంది. పొలాలకు స్వాములున్నారు, మొత్తం భూమండలానికి మాత్రం స్వామి అంటూ ఎవరూ లేరు. రాజుకు దక్కే పంట భాగం కూడా కాపాడినందుకు దక్కేదే తప్ప నేల ఆయనదైనందుకు కాదు. మీమాంస సన్యాసుల శాస్త్రం కాదు. భార్యాబిడ్డలతో, గొడ్డూగోదాతో, అప్పులతో బతికే గృహస్థుడి కోసం రాసినది. ఇల్లు కొనుక్కున్నవాడు ఇంతకీ ఏం కొనుక్కున్నట్టు అన్న ప్రశ్నకు ఇంతకంటే నిక్కచ్చి సమాధానం నాకు మరెక్కడా దొరకలేదు. అది ఎంతవరకు నిలుస్తుందో తేల్చుకోవాలంటే యాగాలతో ఏ సంబంధమూ లేని ఊళ్లో పెట్టి చూడాలి. అరిజోనా రాష్ట్రంలోని బిస్బీ అందుకు తగిన చోటు.

బిస్బీ మ్యూల్ కొండల్లో, సముద్రమట్టానికి దాదాపు 5,500 అడుగుల ఎత్తున, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో ఉంది. కొండ దిగితే ఎటు చూసినా ఎడారే. 2020 జనగణన నాటికి జనాభా ఐదువేల లోపు. ఫీనిక్స్ శివార్లలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు కారులో మూడున్నర గంటల దారి. పాత ఊరంతా టూంబ్‌స్టోన్ కాన్యన్, బ్రూవరీ గల్చ్ అనే ఇరుకు లోయలకు రెండు పక్కలా వాలును పట్టుకుని ఉంటుంది. చాలా ఇళ్ల దాకా కారు వెళ్లదు. 1930లలో ప్రభుత్వ ఉపాధి పథకం కింద కట్టిన సిమెంటు మెట్లే అక్కడ వీధి. మంచమైనా ఫ్రిజ్జయినా మనుషులు మోసుకెళ్లాల్సిందే. ఇక్కడ ఇల్లు కొనేవాళ్లు గదులకంటే ముందు చూడాల్సింది మట్టిని ఆపే రాతి గోడల్ని. కింది ఇంటి వెనక గోడ పై ఇంటి పెరటిని మోస్తుంటుంది. నీరు బయటికి పోవడానికి గోడలో వదిలిన కన్నాలు పూడుకుపోతే, వేసవి చివరి వానలకు తడిసిన మట్టి బరువంతా గోడ మీద పడుతుంది. ముందు నడిమి రాళ్లు ఉబ్బుతాయి, తర్వాత పైవరస వాలుతుంది. ఒక రాత్రి గోడ కూలితే, పోయేది గోడ యజమాని ఇల్లే కానక్కర్లేదు. దస్తావేజులో హద్దులు నలుదిక్కులా రాసి ఉంటాయి. కానీ బరువూ నీరూ ఆ హద్దులు చూసుకుని నడవవు. పైగా అమెరికా చట్టంలో నేల పైభాగం ఒకరిది, దాని కింది ఖనిజం మరొకరిది కావచ్చు. గనుల ఊళ్లలో ఇది మామూలే. శబరస్వామి పొలాన్నీ భూమినీ ఎందుకు విడదీశాడో ఈ వాలు మీద కంటికి కనబడుతుంది.

హక్కు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నకు పడమటి దేశాల్లో బాగా చెల్లిన సమాధానం జాన్ లాక్ 1689లో ఇచ్చినది. ఎవరికీ చెందని నేలలో తన శ్రమను కలిపినవాడికి ఆ నేల సొంతమవుతుందని ఆయన వాదం. కష్టపడ్డవాడికే ఫలితం దక్కాలనే న్యాయం అందులో ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ బిస్బీ పుట్టుకే ఆ వాదానికి ఎదురు నిలుస్తుంది. 1872లో అమెరికా ప్రభుత్వం కొచీస్ అనే నాయకుడితో ఒప్పందం చేసుకుని, ఈ ప్రాంతపు కొండల్నీ లోయల్నీ చిరికావా అపాచీలకు రిజర్వేషన్‌గా కేటాయించింది. మేకులు పాతి గని హక్కు చెప్పుకోవచ్చన్న ఖనిజ చట్టమూ ఆ ఏడాదిదే. 1876లో రిజర్వేషన్‌ను రద్దు చేశారు. 1877లో అపాచీల కోసం గాలిస్తున్న సైనికుల కంట ఈ లోయలో ఖనిజం ఛాయలు పడ్డాయి. 1880కల్లా ఊరు వెలిసింది. తొలి హక్కుదారుల్లో ఒకడైన జార్జ్ వారెన్, గుర్రంతో పరుగు పందెం కాసి కాపర్ క్వీన్ గనిలో తన వాటాను పోగొట్టుకున్నాడని చెబుతారు. ఊరికి పేరిచ్చిన జడ్జి డివిట్ బిస్బీ పెట్టుబడి పెట్టాడే గానీ ఈ ఊళ్లో ఎన్నడూ కాలు పెట్టలేదు. 1886లో చిరికావాలందర్నీ, సైన్యానికి దారి చూపిన వాళ్లతో సహా, యుద్ధఖైదీలుగా ఫ్లోరిడాకు పంపేశారు. జిల్లాకు మాత్రం కొచీస్ పేరే ఉంది. లాక్ చెప్పిన శ్రమ ఇక్కడ నిజంగానే జరిగింది, కొండల్ని తొలిచారు. అయితే ఎవరికీ చెందని నేల అన్న మొదటి షరతే ఇక్కడ లేదు. వేటకూ, నీటి చెలమలకూ, పూజకూ ఒక కొండను తరతరాలుగా ఆనుకుని బతకడం శ్రమ కాదనుకుంటే తప్ప ఆ వాదన సాగదు.

పోనీ, దస్తావేజూ శ్రమా రెండూ ఉన్నవాడికైనా ఇల్లు నిలుస్తుందా? 1917 వేసవిలో గని కార్మికులు సమ్మె చేశారు. జులై 12 తెల్లవారుజామున షెరీఫ్ హ్యారీ వీలర్ నాయకత్వంలో దాదాపు రెండు వేల మంది, చేతులకు తెల్ల పట్టీలు కట్టుకుని, ఇంటింటికీ వెళ్లారు. వచ్చినవాళ్లలో చాలామంది ఈ ఊరివాళ్లే. ఒక కార్మికుడు తన గుమ్మంలోకి వచ్చినవాళ్ల మీద కాల్పులు జరిపాడు. గుమ్మంలోకి వచ్చినవాడూ చనిపోయాడు, కాల్చినవాడూ చనిపోయాడు. దాదాపు 1,200 మందిని పశువుల్ని తోలే రైలు పెట్టెల్లో ఎక్కించి, న్యూ మెక్సికో ఎడారిలో వదిలేశారు. వాళ్లలో సొంత ఇళ్లున్నవాళ్లు, కుటుంబాలున్నవాళ్లు ఉన్నారు. తర్వాత ఊరి దారులకు కాపలా పెట్టి, ఎవరు లోపలికి రావాలో ఆ కాపలాదార్లే తేల్చారు. అధ్యక్షుడు నియమించిన సంఘం ఇది పూర్తిగా చట్టవిరుద్ధమని తేల్చింది. అయినా 1920లో అమెరికా సుప్రీంకోర్టు, తన రాష్ట్రంలో ప్రశాంతంగా నివసించే హక్కును కాపాడటం రాష్ట్రాల పని అని చెప్పి, కేంద్రం పెట్టిన కేసును కొట్టేసింది. అదే ఏడాది రాష్ట్ర కోర్టులో జరిగిన విచారణలో, అవసరం కొద్దీ చేశామన్న వాదన విని జ్యూరీ నిందితుణ్ణి వదిలేసింది. ఒక ఇల్లు నాదని చెప్పడానికి కాగితం కావాలి. ఆ కాగితాన్ని పక్కింటివాళ్లు గౌరవించాలి, వాళ్లు గౌరవించకపోతే కాపాడేవాళ్లుండాలి. మీమాంసకులు స్వామ్యాన్నీ రక్షణనూ ఒకే చర్చలో ఎందుకు ముడివేశారో ఆ ఉదయం చెబుతుంది. బిస్బీలో ఇళ్లు పోయినవాళ్లకు కాగితాలున్నాయి, రక్షణ లేదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. పట్టా లేక, పాసుపుస్తకం లేక, ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియక బతికేవాళ్ల ముందు ఇలా మాట్లాడటం న్యాయమా అని అడగవచ్చు. బీదవాడికి కాగితమే బలం. అది నిజం, నేను కాగితాన్ని తీసిపారేయడం లేదు. పొలానికి స్వామి ఉంటాడని శబరస్వామి కూడా ఒప్పుకున్నాడు. నేననేది, ఆ స్వామ్యానికి ఒక మేర ఉందని. ఆ మేర దాటి, నేల మొత్తం మీద తన ఇష్టమే చెల్లాలనుకునే యజమానికీ బీదవాడి కాగితానికీ పడదు. 1950ల్లో లావెండర్ పిట్ అనే బహిరంగ గని తవ్వినప్పుడు జిగర్‌విల్ వంటి పేటలే లేచిపోయాయి. ఇళ్లను పునాదుల మీంచి ఎత్తి సాగినా, గలీనా వంటి చోట్లకు తరలించారు. ఇప్పుడక్కడ ఉన్నది దాదాపు 900 అడుగుల లోతున్న గుంట. గని 1970ల మధ్యలో మూతపడింది. ఎక్కువ నేలకు స్వామిగా ఉన్న గని కంపెనీ తవ్వకం ముగిసింది, గోడల్నీ మెట్లనూ చూసుకుంటూ ఉండిపోయిన వాళ్ల కథ సాగింది.

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. హక్కు కాగితంతో ఆగదంటే, పాతకాపులదే ఊరా? కొత్తవాళ్లు పరాయివాళ్లా? 1917లో పట్టీలు కట్టుకున్నవాళ్ల వాదం సరిగ్గా ఇదే. ఊరు మాది, అల్లరి చేసేవాళ్లు బయటివాళ్లు అన్నారు. రైళ్లెక్కించిన వాళ్లలో మెక్సికన్లు, తూర్పు ఐరోపా వాళ్లు ఎక్కువ మంది. కాబట్టి ముందొచ్చినవాడిదే అన్న సూత్రాన్ని నేను ఒప్పుకోను. గని మూతపడ్డాక చౌకగా ఇళ్లు కొని వచ్చిన చిత్రకారులూ చేతిపనుల వాళ్లూ లేకపోతే ఈ ఊరు ఖాళీ అయ్యేదే. 1917 గురించి బహిరంగంగా మాట్లాడుకోవడంలో కూడా కొత్తవాళ్లకు భాగం ఉంది. వందేళ్లకు ఆ సంఘటనను ఊరివాళ్లే నటించి చూపారు, దాని మీద 2018లో ఒక సినిమా వచ్చింది. తేడా కొత్తా పాతా మధ్య కాదు. గోడ కన్నాల్ని శుభ్రం చేసేవాడికీ చేయనివాడికీ మధ్య. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి, మిగతా రోజులు పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే ఇల్లు ఇక్కడ కేవలం ఒకరి ఆస్తి విషయం కాదు. కొత్త ఇల్లు కట్టడానికి సమతలమే దొరకని లోయలో, అది ఊళ్లో పనిచేసే టీచరుకో వంటవాడికో ఉండదగ్గ చోటు. 2016లో అరిజోనా చట్టసభ ఇలాంటి అద్దెల్ని ఊళ్లు నిషేధించకుండా కట్టడి చేసింది. యజమాని హక్కును కాపాడామని వాళ్లు అనుకున్నారు. పొలం మీద ఉన్న హక్కును భూమి మీదికి సాగదీశారని నేనంటాను.

ఇక ఇల్లూ వాకిలీ అశాశ్వతం, ఎవరిదైతేనేం అనే వేదాంతం ఒకటుంది. మనలో చాలామందికి ఇదే ముందుగా నోటికి వస్తుంది. తన సొంత ఇంటి గురించి ఒకడు అలా అనుకుంటే వైరాగ్యం. ఇల్లు లాక్కోబడ్డవాడితో అంటే క్రౌర్యం. చిరికావాలను 27 ఏళ్లు ఖైదులో ఉంచి, ఆ తర్వాత కూడా అరిజోనాకు రానివ్వలేదు. వాళ్లు న్యూ మెక్సికోలో, ఒక్లహామాలో మిగిలారు. బిస్బీలో ఇవాళ ఇల్లు కొన్నవాడు ఆ నేలను వాళ్లకు తిరిగి ఇవ్వగలడా? ఒక్కడుగా ఇవ్వలేడు, మొత్తం భూమి అతనిదైతే కదా ఇవ్వడానికి. కానీ ఇది తప్పించుకునే మాట కాకూడదు. ఇదే రాష్ట్రంలో ఓక్ ఫ్లాట్ అనే చోటు శాన్ కార్లోస్ అపాచీలకు పూజాస్థలం. దాని కింద రాగి ఉంది. ఆ నేలను గని కంపెనీకి మార్పిడి చేయడానికి అమెరికా కాంగ్రెస్ 2014లో చట్టం చేసింది. అపాచీల వాదన వినడానికి సుప్రీంకోర్టు 2025లో నిరాకరించింది. నేల ప్రభుత్వానిది కాబట్టి ఎవరికైనా ఇచ్చేయవచ్చన్నది దాని వెనకున్న తర్కం. రాజుకు లేదని మీమాంసకులు తేల్చిన అధికారం అదే. రాగి ఊళ్లో గోడ కట్టుకుని బతుకుతున్న గృహస్థుడికి దాని మీద ఓటుంది, మాట్లాడే నోరుంది.