చావడి, పందిరి

ఒక ఊరి నడుమ రచ్చబండ ఉండేది. చెరువు నీటి వంతులు, జాతర ఖర్చులు, గట్టు తగాదాలు, ఏదైనా అక్కడే తేలేది. ఊరి చివర వాడవాళ్లు కూడా వచ్చేవారు. బండ మీద కూర్చునేవారు కాదు, చెప్పులు చేతబట్టుకుని దూరంగా నిలబడేవారు. వాళ్ల పొలాలు ఆయకట్టు చివర ఉండేవి. తూము తెరిచిన నీళ్లు అక్కడిదాకా చేరేవి కావు. ఆ సంగతి చెప్పబోతే ఎవరో ఒకరు మధ్యలో అందుకునేవారు. మాట తడబడేది, జనం నవ్వేవారు.

వాళ్లు అలా నిలబడటం చూసి ఊరిపెద్దకు జాలి కలిగింది. వాడ పక్కనే పెంకుల చావడి కట్టించి, ఇకమీదట మీ మాటలు అక్కడే చెప్పుకోండని కబురు పంపాడు. వాడ సంతోషించింది. కానీ ఆ రోజు నుంచి వాళ్లలో ఎవరు రచ్చబండ దగ్గరికి వచ్చినా, మీకు చావడి ఉంది కదా అని వెనక్కి పంపేవారు. చావడిలో ఎంతసేపు మాట్లాడుకున్నా తూము తెరిచే మాట రచ్చబండదే. రెండేళ్లకు చావడి అరుగుల మీద మేకలు పడుకున్నాయి.

వాడలో ఒక ముసలామె తన పెరట్లో నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పించింది. చీకటి పడ్డాక వాడవాళ్లు అక్కడ చేరేవారు. ఆ పూట మాత్రం ఊరివాళ్లను రావద్దన్నారు. అక్కడ తడబడితే నవ్వేవాళ్లు లేరు, మళ్లీ చెప్పమని అడిగేవాళ్లు ఉన్నారు. తన చేనొక్కటే ఎండుతోందని, అది తన తలరాతని అనుకున్న రైతుకు, పక్కవాడి చేనూ, ఆ పక్కవాడి చేనూ అలాగే ఎండుతున్నాయని ఒక రాత్రి ఆ పందిట్లోనే తెలిసింది. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన రాత్రి అదే. ఆ తర్వాత ఒక కుర్రవాడు అందరికీ చదువు చెప్పాడు. చదువు వచ్చిన ఒకామె, ఇంటి చూరులో దాచిన నీటితీరువా రసీదులు తెచ్చి చదివింది. కట్టిన డబ్బు ఊరితో సమానం. పారిన నీళ్లు సమానం కావు.

చావడిని మెచ్చుకున్న ఊరు పందిరిని చూసి మండిపడింది. ఊరిని రెండుగా చీలుస్తున్నారంది, పీకెయ్యమంది. ముసలామె పీకలేదు.

అయితే పందిట్లోనూ ఒక చిక్కు వచ్చిపడింది. అక్కడి చనువుకు అలవాటుపడ్డ కొందరు, ఇక రచ్చబండతో మనకేం పని అనసాగారు. అప్పుడు ముసలామె ఒక కట్టడి పెట్టింది. రచ్చబండ కూడే రోజున పందిట్లో దీపం పెట్టకూడదు. ఆ రోజు మాట్లాడదలచినవాళ్లు ఊరి నడుమకే నడవాలి.

అలా ఒక సాయంత్రం వాళ్లందరూ కలిసి వెళ్లి బండ మీద కూర్చున్నారు. రసీదులు చదివిన ఆమె లెక్క చెప్పింది. మధ్యలో ఎవరో అందుకోబోతే ఆగి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ పంట నుంచే ఆయకట్టు చివరికి నీటి వంతు వచ్చింది. పందిరిని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు.

నీతి: చావడీ పందిరీ రెండూ వేరు చోట్లే అయినా, పొమ్మని చూపించిన చోటు వెలి అవుతుంది, తమవాళ్ల మధ్య గొంతు కూడదీసుకుని నలుగురిలోకి నడవడానికి కట్టుకున్న చోటు ఆసరా అవుతుంది. హైదరాబాదులో 1906లో దళితుల కోసం జగన్ మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డివర్మ కట్టింది అలాంటి పందిరినే. 1917లో ఆయన అధ్యక్షతన బెజవాడలో జరిగిన మహాసభ, ఇతరులు పెట్టిన పంచములన్న పేరును వదిలేసి, మేము ఆది ఆంధ్రులమని దేశమంతా వినేలా చెప్పింది.