ఉప్పెన ఎవరి తీర్పు?

1977 నవంబరు 19. కృష్ణా తీరంలోని దివిసీమ మీదికి తుపానుతో తాటిచెట్టంత కెరటం వచ్చిందని అక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ తుపాను సుమారు పదివేల ప్రాణాలు తీసింది. మట్టిగోడల తాటాకు గుడిసెలు ఆ నీటికి కాసేపైనా ఆగలేదు. డాబా ఎక్కగలిగినవాళ్లు, చెట్టు మొవ్వ దొరికినవాళ్లు బతికి బయటపడ్డారు. శవాల మధ్య తమవాళ్లను వెతుక్కున్నవాళ్లు అడిగింది ఒకటే: మేమేం పాపం చేశామని?

ఈ ప్రశ్నకు మహానుభావులే తడబడ్డారు. 1934 జనవరి 15న బీహారును భూకంపం కూల్చినప్పుడు, అది అంటరానితనమనే పాపానికి దైవం వేసిన శిక్ష అన్నారు గాంధీజీ. అంటరానితనం మీద ఆయన పోరాటాన్ని గౌరవించే రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ మాటను ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతానికి కారణాలు ప్రకృతిలోనే ఉంటాయన్నారు. పాపం చేసినవాళ్లు ఎక్కడో సురక్షితంగా ఉంటే, పసిపిల్లలూ అంటరానివాళ్లుగా చూడబడినవాళ్లూ శిథిలాల కింద నలిగిపోవడం ఏం న్యాయమని నిలదీశారు. ఆ ఖండనను గాంధీజీ తన 'హరిజన్' పత్రికలోనే అచ్చు వేశారు. ఇద్దరి పెద్దరికమూ అందులో కనిపిస్తుంది. కానీ వాదంలో న్యాయం ఠాగూర్ వైపే ఉంది.

అంతకు చాలా ముందే, 1755 నవంబరు 1న, సకల పునీతుల పండుగ నాడు జనం చర్చిల్లో ఉండగా భూకంపానికి పోర్చుగల్ రాజధాని లిస్బన్ కూలింది. దయామయుడైన దేవుడి లోకంలో ఇదేమిటని ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఆక్రోశించాడు. మరుసటి ఏడాది తత్వవేత్త రూసో ఆయనకు జవాబు రాశాడు: ఆరేడు అంతస్తుల ఇళ్లు ఇరవై వేలు ఒకేచోట కట్టింది ప్రకృతి కాదు కదా! దైవం మీద మొదలైన చర్చ కాస్తా ఇంటిగోడ దగ్గరికి వచ్చింది.

1976లో బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముగ్గురు 'నేచర్' పత్రికలో రూసో మాటనే శాస్త్రంగా చెప్పారు. విపత్తులను 'ప్రకృతి' ఖాతాలో రాయడం మానాలన్నారు. ఆ ఏడాదే ఫిబ్రవరిలో గ్వాటెమాలాలో భూమి కంపించి దాదాపు 23 వేల మంది చనిపోయారు. కొండ ఊళ్లలో పచ్చి ఇటుకల ఇళ్లు, రాజధానిలో లోయ అంచున పేదల గుడిసెలు కూలాయి. సంపన్నుల పేటలు చాలావరకు నిలిచాయి. భూకంపం అందరినీ ఒకేలా ఊపింది, చావు మాత్రం ఇంటిని చూసి వచ్చింది.

మన తీరమే ఇందుకు సాక్ష్యం. 1990 మేలో కృష్ణా తీరానికే మళ్లీ భీకరమైన తుపాను వచ్చింది. ఈసారి ముందే హెచ్చరికలు అందాయి, లక్షలాది మందిని తరలించారు, తలదాచుకోను తుపాను షెల్టర్లున్నాయి. మృతులు వెయ్యి లోపే. ఆ పదమూడేళ్లలో దివిసీమ జనం పాపాలు తగ్గాయా? వాళ్ల కోసం జరిగిన పని పెరిగింది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడూ 'ఖర్మ' అన్న మాట వినిపించింది. కర్మఫలం లెక్క తేల్చాలంటే మునిగినవాడి పూర్వజన్మ దాకా పోనక్కర్లేదు. ఏరు పారే దారిలో ప్లాట్లు వేసి అమ్మినవాళ్లు, అనుమతి సంతకం పెట్టినవాళ్లు ఈ జన్మలోనే ఉన్నారు. పల్లపు నేల చవక కాబట్టే పేదవాడు అక్కడికి చేరాడు.

మీ ఊళ్లో ఇళ్ల పట్టాలు పంచేటప్పుడు, ఆ స్థలం పాత వరద మట్టానికి ఎంత ఎత్తులో ఉందో పట్టా మీదే రాసివ్వమని అడగండి.