కూలికి కుదిరిన దొంగ

ధ్యానభాగము: మత్తయి 27:3–10; లూకా 19:1–10



ఆదోని ప్రత్తి మార్కెట్టులో అమ్మువాడు, దలాలి, కొనువాడు ముగ్గురు కలిసినగాని బేరము తెగదు. దొంగసొమ్ము బేరమును అట్టిదే. అయినను దొంగ యనగానే గోడ దూకినవాడొక్కడే మనకు జ్ఞాపకము వచ్చును.

తమిళనాడులోని శ్రీపురంతాన్ గ్రామపు ప్రాచీన ఆలయమునుండి కంచు నటరాజ విగ్రహము దొంగిలింపబడెను. దొంగలను ఆ పనికి కుదిర్చినవారు వేరే యున్నారని పోలీసు విచారణలో తేలెను. న్యూయార్కు వర్తకుడైన సుభాష్ కపూర్ ద్వారా అది 2008లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరెను. వెల సుమారు 50 లక్షల డాలర్లు. మన ప్రకాశం జిల్లా చందవరమునుండి పోయిన బౌద్ధ శిల్పమును కూడ ఆ చిత్రశాలయే 2005లో అతనియొద్ద కొనెను. విగ్రహ చౌర్యపు కేసులో కపూర్‌కు 2022లో కుంభకోణము న్యాయస్థానము 10 సంవత్సరముల శిక్ష విధించెను.

ఇస్కరియోతు యూదాను తలంచుడి. ప్రధానయాజకులు ముప్పది వెండి నాణెములిచ్చి అతని కుదుర్చుకొనిరి. అతడు పశ్చాత్తాపపడి వాటిని తిరిగి తెచ్చినప్పుడు, తమకు సంబంధము లేదని త్రోసివేసిరి. ఆ సొమ్మును కానుకలపెట్టెలో వేయుటకు జంకిరి గాని, దానిని ఇచ్చినప్పుడు జంకలేదు!

మనము వారికంటె మేలైనవారమా? మేమే యొకప్పుడు ఆదోనిలో పాత సైకిలొకటి సగము వెలకు కొంటిమి. ఎక్కడిదని అడుగలేదు, అడిగిన బేరము పోవునని మా మనస్సునకు తెలియును. అది ఎమ్మిగనూరు నేతగాడొకనిదని ఆరు నెలల తరువాత తెలిసి, తిరిగి ఇచ్చితిమి. కాని ఆ ఆరు నెలలు అతడు నడిచిన నడకను ఎవరు తిరిగి ఇయ్యగలరు? అడుగని మా నోరే ఆ దొంగకు కూలి యిచ్చెను.

ఆ చిత్రశాల నటరాజ విగ్రహమును 2014లో, చందవరపు శిల్పమును 2016లో మన దేశమునకు తిరిగి అప్పగించెను. జక్కయ్యయు తిరిగి ఇచ్చెను, అదియు నాలుగంతలు. యూదాయు తిరిగి ఇచ్చెను గదా, భేదమేమి? యూదా సొమ్మును విసరివేసి చీకటిలోనికి వెళ్లెను. జక్కయ్య ప్రభువును ఇంట చేర్చుకొని, ఆయన యెదుట నిలిచి లెక్క సరిచేసికొనెను.

ప్రియులారా, ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు మన యిల్లు వెదకుదము. ఎక్కడిదని అడుగక కొన్న వస్తువేదైన ఉన్నయెడల, దాని సొంతదారుని గడప తొక్కుదము. అట్టి ధైర్యము ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.