వాహనయాత్రకు ఫలముందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి కారులో బయలుదేరి, కృష్ణగిరి, సేలం, మధురైల మీదుగా పాంబన్ వంతెన దాటి, రామేశ్వరం దీవినంతా ఒక్క పగటిలో చూసి తిరుగుముఖం పట్టే దంపతుల ప్రయాణాన్ని తీర్థయాత్ర అనవచ్చునా, విహారమనే అనాలా అన్న సందేహానికి మూలం కార్లు రాకముందే పురాణాల్లో ఉంది. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం, ఐశ్వర్యలోభం వల్లగాని మోహం వల్లగాని వాహనమెక్కి పోయినవాడికి తీర్థం నిష్ఫలమని, అంటే స్నానదర్శనాల వల్ల రావలసిన పుణ్యం రాదని, కఠినంగానే చెప్పింది. అయితే ఆ నిషేధం వాహనంతో పాటు దాన్ని ఎక్కించిన బుద్ధిని కూడా పేర్కొన్నది కాబట్టి, మోకాళ్ల నొప్పితో నడవలేని ఇల్లాలికి అది వర్తిస్తుందనడం న్యాయం కాదు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య బోయీలు మోసిన పల్లకిలోనే వెళ్లినా, ఆయనది యాత్ర కాదని తెలుగువారు ఏనాడూ అనలేదు.

ఈ చర్చలో ఇంతకంటె బరువైన ప్రమాణం పద్మపురాణం భూమిఖండంలోని కృకలుడి కథ. కాశీలో ఉండే ఈ వైశ్యుడు, దారిలోని ఎండకు, ఆకలికి తన భార్య సుకల తాళలేదని తలచి, ఆమెకు చెప్పకుండానే ఒంటరిగా తీర్థాలన్నీ సేవించి వస్తుండగా, అతని పితరులు బంధింపబడి కనిపించారు. సహధర్మచారిణిని, అనగా ధర్మకార్యంలో సమాన భాగస్వామిని, విడిచి చేసినదంతా వ్యర్థమైందని అతడికి తెలియవచ్చింది. అతడి తప్పుకు కారణం దయే అన్నది గమనించదగినది. ఏ కష్టానికి వెరచి అతడు సుకలను ఇంట విడిచాడో ఆ కష్టాన్నే నేటి వాహనం తొలగిస్తున్నది గనుక, ఒక పురాణం శంకించిన సాధనమే మరొక పురాణం కోరిన సాహచర్యాన్ని సాధ్యం చేస్తున్నదని చెప్పాలి. ఈ రెంటిలో రెండవదే గొప్ప ధర్మం.

పైగా రామేశ్వరంలో కారు చేయగల సాయం కొద్దిదే. అగ్నితీర్థమనే సముద్రపు రేవులో మునిగి, సంకల్పంలో, అంటే కర్మకు ముందు దేశకాలాలను, కర్తను స్మరించే వాక్యంలో, ‘ధర్మపత్నీసమేతస్య’ అని పలికి, ఆలయంలోని 22 తీర్థాల నీటిని బొక్కెనలతో పోయించుకుంటూ తడిబట్టలతో ఇద్దరూ నడవవలసిందే. ఆ తరువాత గంధమాదనం, కోదండరామాలయం, ధనుష్కోటి చుట్టి రావడానికే వాహనం పనికివస్తుంది. చూడవలసిన చోట్ల జాబితా యాత్రను మింగివేసే ప్రమాదమూ అక్కడే మొదలవుతుంది.

మదనపల్లెలో 1895లో పుట్టి, తనను జగద్గురువుగా నిలపడానికి ఏర్పడిన సంఘాన్ని 1929లో తానే రద్దుచేసిన జిడ్డు కృష్ణమూర్తి ఏ తీర్థాన్నీ ప్రమాణంగా అంగీకరించలేదు. అయినా పేరు, జ్ఞాపకం, ఆశ అడ్డువస్తే చూడటమే జరగదన్న ఆయన బోధ ఈ జాబితా ప్రమాదానికీ వర్తిస్తుంది; అది, చేతులూ కాళ్లూ మనసూ వశంలో ఉన్నవాడికే తీర్థఫలమన్న భారత వనపర్వానికి దూరమైనదేమీ కాదు. అలా నిజంగా చూడవలసినవి ఇక్కడే ఉన్నాయి. విభీషణుడు శరణు కోరిన చోటని నమ్మే కోదండరామాలయం 1964 డిసెంబరు తుపానుకు నిలిచింది. అదే తుపానులో ధనుష్కోటి ఊరు, ప్రయాణికులతో వస్తున్న రైలు సముద్రం పాలయ్యాయి. శరణాగతిని తలచుకోవడానికి వచ్చిన భార్యాభర్తలు ఆ మృతులకు కూడా తిలోదకాలు వదిలి, అందుకోసం జాబితాలో రెండు చోట్లు మానుకుంటే, వారి యాత్రకు లోపమేమీ రాదు.